ముసలితనంలో భయం పట్టుకున్నప్పుడు విశ్వాసాన్ని ఆనుకుని నిలబడటం ఎలా?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. రాజాం, చీపురుపల్లి వైపు సంఘాల్లో వృద్ధుల ఇళ్ళకు ప్రార్థనకు వెళ్తుంటాను కాబట్టి నేరుగా అడిగేవాళ్ళు కొందరు, హైదరాబాదు నుంచో చెన్నై నుంచో ఫోన్ చేసి "మా అమ్మ రాత్రుళ్ళు భయపడుతోందండీ, ఏ వాక్యం చదివించమంటారు?" అని అడిగే పిల్లలు కొందరు. పెద్దవాళ్ళైతే ఇంకోలా అడుగుతారు. "మోకాళ్ళ మీద ఉండలేకపోతున్నాను, ప్రార్థన మధ్యలో మనసు ఎటో పోతోంది, దేవుడు నాకు దూరమయ్యాడా?" అని.

దూరం కాలేదు. మారింది మీ ఒళ్ళు, మీ ఇల్లు, మీ రోజు. ఇన్నాళ్ళూ మీరు నలుగురికీ చేసి పెట్టారు, మందిరం ఊడ్చారు, సండే స్కూల్ నడిపారు, చుట్టాల రోగాలకూ చావులకూ ముందు నిలబడ్డారు. ఇప్పుడు దేవుడు మిమ్మల్ని మోస్తాడని నమ్మి మొయ్యనివ్వాలి, అదీ రోజువారీ పనుల్లో. చెప్పినంత సులువు కాదు, అందుకే ఒక వరుసలో పెట్టి రాస్తున్నాను. మీరు వయసు మళ్ళినవాళ్ళైతే మీ కోసం, పిల్లలైతే పక్కన కూర్చుని చేయించడం కోసం.

కావలసినవి

పెద్ద అక్షరాల బైబిల్. చూపు బాగా తగ్గి ఉంటే తెలుగులో చదివి వినిపించే బైబిల్ ఆడియో ఫోన్‌లో పెట్టించుకోండి, ఉచితంగానే దొరుకుతుంది. ఒక నోట్‌బుక్, లావుగా రాసే పెన్ను. చేతులున్న గట్టి కుర్చీ (ప్లాస్టిక్‌దైతే కాళ్ళు జారకుండా గోడకు ఆనించండి). మీరు వాడుతున్న మందుల చీటీ. అన్నిటికంటే ముఖ్యం, వారానికి ఒకసారైనా మీతో కూర్చోగలిగే ఒక మనిషి. కొడుకో కూతురో కానక్కర్లేదు, పక్కింటి విశ్వాసి అయినా చాలు. రాయలేకపోతే ఆ మనిషే రాస్తారు.

1. భయానికి పేరు పెట్టి రాయండి

"భయంగా ఉంది" అని ఊరుకుంటే దానికి ఏ వాక్యమూ అతకదు. దేనికి భయం? బాత్రూంలో పడిపోతానని, మంచాన పడితే కోడలికి బరువవుతానని, డబ్బు అయిపోతుందని, మతిమరుపు వచ్చి పిల్లల్ని కూడా గుర్తుపట్టనేమో అని, ఆయన పోయాక ఇంట్లో ఒక్కదాన్నే అయిపోయానని, చనిపోయే గడియలో ఎవరూ ఉండరేమో అని. ఒక్కో భయానికి ఒక్కో లైను రాయండి. తర్వాత ప్రతి లైను పక్కనా ఇది డాక్టరుకు చెప్పాల్సిందా, పిల్లలతో మాట్లాడాల్సిందా, దేవుడి దగ్గర తప్ప ఇంకెక్కడా తీరనిదా అని రాసుకోండి. కొన్నిటికి రెండు మూడు జవాబులు ఉంటాయి, ఉండనివ్వండి.

జాగ్రత్త: ప్రతి భయాన్నీ ఆత్మీయ సమస్య చేసేయకండి. షుగరు మందు వాడేవాళ్ళకు రాత్రి చెమటలు పట్టి గుండె దడదడలాడితే షుగరు పడిపోయి ఉండొచ్చు. వెంటనే పరీక్షించాలి, మెషీన్ లేకపోతే తీపి తినిపించి డాక్టరుకు చెప్పాలి. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో మాటలు తడబడి అయోమయంగా మాట్లాడుతుంటే మూత్రంలో ఇన్ఫెక్షనో, ఒంట్లో నీళ్ళు తగ్గడమో, కొత్త మందు పడకపోవడమో కావచ్చు. మాట ముద్దగా వస్తూ మూతి ఒకవైపుకు పోయినా, చెయ్యో కాలో పడిపోయినా అది పక్షవాతం, ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దారిలో ప్రార్థన చేయండి, ప్రార్థన అయ్యాక బయల్దేరదాం అనుకోకండి.

2. వారానికి ఒక్క వాక్యం పట్టుకోండి

రోజుకు మూడు అధ్యాయాలు చదివిన మనిషికి ఒక్క వాక్యం అంటే చిన్నతనంగా అనిపిస్తుంది. కానీ చదివింది నిలవని వయసులో ఒక్కటి నిలిస్తే అదే ఎక్కువ.

మొదటి వారానికి నేను యెషయా 46:3, 4 ఇస్తాను. ఆ అధ్యాయం మొదట్లో బబులోను దేవతలు బేలు, నెబోలను పశువుల మీద ఎక్కిస్తే అవి ఆ బరువు మోయలేక అలసిపోతాయి. ఆ వెంటనే దేవుడు తన ప్రజలతో, "ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే" అంటాడు. మనుషులు మోయాల్సిన దేవుళ్ళు ఒకవైపు, మనుషుల్ని మోసే దేవుడు ఒకవైపు. పుట్టినప్పటి నుంచీ మోసినవాడు తల నెరిసాక దించేయడని అక్కడ మాట ఇచ్చాడు.

దాన్ని పెద్ద అక్షరాలతో రాసి మంచం నుంచి కనబడే గోడకు అంటించండి. పొద్దున్న మాత్ర వేసుకునేటప్పుడు ఒకసారి, రాత్రి మాత్రకు ఒకసారి పైకి చదవండి. మనసులో కాదు, గొంతుతో. మాత్రతో ముడిపెట్టడం ఎందుకంటే అది ఎలాగూ మర్చిపోకూడదు, వాక్యం కూడా దాని వెంట వస్తుంది.

తర్వాతి వారాలకు మీ నోట్‌బుక్‌లో రాసిన భయాన్ని బట్టి ఎంచుకోండి. రాత్రి ఒంటరితనానికి కీర్తన 4:8, అందులో "నేను ఒంటరిగా నుండినను" అనే మాటే ఉంది. ఓపిక పోతున్నందుకు కీర్తన 71:9, లేదా 2 కొరింథీయులకు 4:16. మతిమరుపు భయానికి యెషయా 49:15, 16. నేను మర్చిపోయినా ఆయన మర్చిపోడని, అరచేతుల మీద చెక్కుకున్నాడని ఉంటుంది అక్కడ. మరణ భయానికి యోహాను 14:1-3. రోజులు మారిపోతున్నాయన్న బెంగకు హెబ్రీయులకు 13:8.

3. ప్రార్థనను మీ ఒంటికి తగ్గట్టు మార్చుకోండి

కుర్చీలో కూర్చుని ప్రార్థన చేయండి. అదేం తక్కువ ప్రార్థన కాదు. యాకోబు అవసానకాలంలో చేతికర్ర మొదలు మీద ఆనుకుని దేవునికి నమస్కరించాడని హెబ్రీ పత్రిక 11:21లో ఉంది, విశ్వాస వీరుల పట్టికలోనే ఉంది. మోకాళ్ళు అరిగినా బలవంతంగా వంగి, లేవలేక పడి తుంటి విరగ్గొట్టుకున్నాక మంచం మీద పడుకునే కదా ప్రార్థన చేయాలి.

గంట ప్రార్థన రెండు నిమిషాలైపోయిందని బాధపడకండి, రోజులో నాలుగైదుసార్లు ఆ రెండు నిమిషాలు చేయండి. మాటలు దొరకనప్పుడు ఊరికే కూర్చోండి. రోమీయులకు 8:26 ప్రకారం ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో ఆత్మ మన కోసం విజ్ఞాపన చేస్తున్నాడు. అంటే మీ మూలుగు కూడా అక్కడికి చేరుతోంది.

జ్ఞాపకం బాగా తగ్గినవాళ్ళకు పాటలు వినిపించండి. నిన్న ఏం తిన్నారో చెప్పలేని మనిషి చిన్నప్పుడు నేర్చుకున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తన పల్లవి ఎత్తుకుంటే చరణం దాకా పాడటం నేను చూశాను. ఏ పాటలు వాళ్ళ పెళ్ళిలో, వాళ్ళ అమ్మా నాన్నల ఇంట్లో పాడేవారో కనుక్కోండి, కొత్త పాటలు కాదు.

ఉపవాసం గురించి ఖచ్చితంగా చెప్తున్నాను. షుగరు, బీపీ, కిడ్నీ మందులు వాడేవాళ్ళు డాక్టరును అడక్కుండా ఉపవాసం ఉండకండి. కావాలంటే శుక్రవారం టీవీ మానండి, ఒక కూర తగ్గించండి, మధ్యాహ్నం మౌనంగా ఉండండి. వేళకు చోడంబలి (రాగి అంబలి) అయినా అన్నమైనా తినేసి మందులు వేసుకుని మందిరంలో ఉపవాస ప్రార్థనకు కూర్చుంటే దేవుడేం కోప్పడడు.

4. పిలవండి, ఎదురుచూడకండి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

"మూడు ఆదివారాలు రాకపోయినా ఒక్కరూ అడగలేదు" అని కన్నీళ్ళు పెట్టుకునే పెద్దవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వాళ్ళ బాధ నిజం, సంఘం తప్పు కూడా నిజమే. కానీ యాకోబు 5:14 చూడండి. మీలో ఎవడైనా రోగి అయితే అతడు సంఘపు పెద్దలను పిలిపించాలి అని ఉంది. ఒంట్లో బాగోలేదని కబురు పంపడం గొణుగుడు కాదు, వాక్యం చెప్పిన పనే. పాస్టరు గారికి ఫోన్ చేసి, "అయ్యగారూ, ఈ వారం ఇంటికొచ్చి ప్రార్థన చేయాలి, వీలైతే ప్రభు బల్ల కూడా తీసుకురండి" అని అడగండి. చాలా సంఘాల్లో అడిగితే తెస్తారు, అడగకపోతే గుర్తుండదు.

ఇంకా ఏమేం అడగొచ్చు? ఆదివారం ఆటోలో ఎక్కించి దించే కుర్రాణ్ణి అడగొచ్చు. మెట్లున్న మందిరమైతే చెయ్యి పట్టుకునే మనిషిని, పక్కనే కుర్చీని అడగొచ్చు. వినబడకపోతే స్పీకరు దగ్గర చోటు అడగండి. స్త్రీల సమాజం కూడిక నెలకోసారి మీ ఇంట్లో పెట్టమనండి, టీ నీళ్ళు కూడా వాళ్ళనే కాచుకోమనండి.

ఇన్నాళ్ళూ ఇంటికొచ్చిన వాళ్ళకు కడుపు నిండా పెట్టి పంపిన మనిషికి ఇలా అడగటం చచ్చినంత పనిగా ఉంటుందని నాకు తెలుసు. యేసు పేతురుతో చెప్పిన మాట యోహాను 21:18లో ఉంది. యౌవనంలో నీ నడుము నువ్వే కట్టుకుని ఇష్టమైన చోటికి వెళ్ళావు, ముసలివాడివయ్యాక చేతులు చాపుతావు, ఇంకొకడు నీ నడుము కట్టి తీసుకెళ్తాడు అన్నాడు. అది పేతురు ఎలాంటి మరణం పొందుతాడో చెప్పిన మాట. ఆ తర్వాతి వాక్యంలోనే "నన్ను వెంబడించు" అని కూడా ఉంది. ఇంకొకరు చీర కడుతున్నా, చొక్కా తొడుగుతున్నా, ఆ స్థితిలో కూడా ఆయన్ని వెంబడించొచ్చని నేను అక్కడ చదువుకుంటాను.

ఇంట్లో మీరొక్కరే విశ్వాసి అయితే? మన ఊళ్ళలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. కొడుకూ కోడలూ ప్రభువును ఎరగకపోయినా మిమ్మల్ని బాగా చూసుకుంటుంటే ముందు దానికి దేవునికి కృతజ్ఞత చెప్పండి. వాదన పెట్టకండి. "రోజూ ఒక్క కీర్తన చదివి వినిపించమ్మా, నాకు కళ్ళు కనబడటం లేదు" అని మనవరాలిని అడగండి. దాదాపు ఎవరూ కాదనరు.

5. ఊరు వదలాలా వద్దా తేల్చుకోండి

"పిల్లలు హైదరాబాదు రమ్మంటున్నారు, ఇక్కడ మందిరం వదిలి ఎలా వెళ్ళను?" శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వలస లేని ఇల్లు తక్కువ కాబట్టి ఇది రాని ఇల్లూ తక్కువే.

2 సమూయేలు 19లో బర్జిల్లయి అని 80 ఏళ్ళ పెద్దాయన ఉంటాడు. దావీదు రాజు, "యెరూషలేముకు వచ్చి నాతోనే ఉండు, నిన్ను పోషిస్తాను" అంటే ఆయన ఒప్పుకోలేదు. తిన్నదాని రుచి తెలియడం లేదు, పాడేవాళ్ళ స్వరం వినబడటం లేదు, నీకు భారంగా ఎందుకుండాలి, నా తల్లిదండ్రుల సమాధి దగ్గర నా ఊళ్ళో చనిపోనివ్వు అన్నాడు. బదులుగా కింహాము అనే తన మనిషిని పంపాడు. దావీదు నొచ్చుకోలేదు, ముద్దుపెట్టి దీవించి పంపాడు. యాకోబు మాత్రం ముసలితనంలో కొడుకు కోసం ఐగుప్తుకే వెళ్ళాడు, దారిలో దేవుడు అతనితో భయపడకు అన్నాడు. కాబట్టి ఉండిపోవడమే విశ్వాసమనీ, వెళ్ళడం అవిశ్వాసమనీ ఎవరైనా అంటే పట్టించుకోకండి.

చేయాల్సింది ఇదీ. ముందు రెండు నెలల పాటు వెళ్ళి ఉండి చూడండి. వెళ్ళేముందే అక్కడ నడిచి వెళ్ళగలిగే దూరంలో తెలుగు ఆరాధన ఉందో లేదో పిల్లల చేత కనుక్కోండి. ఇక్కడి కుటుంబ ప్రార్థనకు వారానికోసారి ఫోన్‌లో కలవండి. ఊళ్ళో ఇల్లు వెంటనే అమ్మకండి. ఒక్కరే లేచి తిరగలేని స్థితి వస్తే మాత్రం మొండిగా ఉండిపోకండి, దూరంలో ఉన్న పిల్లలకు ప్రతి రాత్రీ టెన్షనే.

6. కాగితాలు, డబ్బు సర్దుకోండి

దేవుడు చూసుకుంటాడు అంటూ ఇవి వదిలేయడం సరికాదు. సిలువ మీద ప్రాణం పోతూ కూడా యేసు తల్లిని శిష్యుడికి అప్పగించాడు. ఇస్సాకు కళ్ళు మసకబారాక ఏ కొడుకును దీవిస్తున్నాడో తెలియక మోసపోయిన సంగతి ఆదికాండము 27లో ఉంది. చూపు సరిగా లేనప్పుడు ఎవరు తెచ్చిన కాగితం మీదా వేలిముద్ర వేయకండి, మీరు నమ్మే ఇంకొకరి చేత పూర్తిగా చదివించుకోండి.

పిల్లలకు ఆస్తి గిఫ్ట్ డీడ్ రాస్తుంటే నన్ను పోషించాలనే షరతు ఆ కాగితంలోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ షరతు తప్పితే ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి రద్దు కోరవచ్చు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, ఆ నంబరు గోడ మీద వాక్యం పక్కనే రాసి పెట్టండి.

ప్రతి నెలా ఒకటో తారీఖున వచ్చే 4,000 పింఛనులో మీ కానుక మీరు ఇష్టంగా ఇవ్వండి. కానీ ఇంత పంపితే నీ జబ్బు పోతుందని టీవీలోనో ఫోన్‌లోనో చెప్పేవాళ్ళకు ఒక్క రూపాయి పంపకండి. స్వస్థతకు వెల కట్టడం సువార్త కాదు.

చివరగా, సమాధుల తోటలో ఎక్కడ పెట్టాలి, ఏ పాట పాడాలి, ఎవరు వాక్యం చెప్పాలి, ఎవరెవరికి కబురు పెట్టాలి అన్నది ఒక పేజీలో రాసి ఇంట్లో ఒకరికి చెప్పండి. పిల్లలు అపశకునం అంటారు, అననివ్వండి. రాశాక మీకే మనసు తేలికవుతుంది.

7. మీ పని మీరు పట్టుకోండి

మోయించుకోవడమంటే ఖాళీగా పడి ఉండటం కాదు. లూకా 2లో అన్న అనే ప్రవక్త్రి బాగా వయసు మళ్ళిన విధవరాలు, దేవాలయం వదలకుండా ప్రార్థన చేసేది, బాలయేసును చూసి అందరితో ఆయన గురించి మాట్లాడింది. మీ నోట్‌బుక్ వెనక పేజీల్లో రోజుకు ముగ్గురి పేర్లు రాసి వాళ్ళ కోసం ప్రార్థించండి. గుజరాత్‌లో పడవ మీద ఉన్న మనవడో, పలాసలో డయాలిసిస్‌కు వెళ్తున్న పక్కింటాయనో, పరీక్షలున్న పిల్లో. ప్రార్థించాక వాళ్ళకు ఫోన్ చేసి చెప్పండి. ఇది వదలొద్దు.

ఇంకోటి, చెప్పడం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చినప్పుడు మీరు ఏం చేశారు, ఎవరు అన్నం పెట్టారు, ఏ వాక్యం పట్టుకున్నారు? అప్పుడు చంటిపిల్లలుగా ఉన్నవాళ్ళకు అది తెలియదు. మీ ఇంట్లో మొదట ఎవరు నమ్ముకున్నారు, బొబ్బిలిలోనో టెక్కలిలోనో కెనడా బాప్టిస్టు మిషన్ రోజుల్లోనా, ఆ తర్వాతా? ఎలాంటి మాటలు పడ్డారు? ఆదివారం భోజనాల తర్వాత ఒక్కో సంగతి చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేయమనండి. కీర్తన 71:18లో తల నెరిసిన మనిషి నన్ను విడువకు అని అడిగింది, వచ్చే తరానికి నీ బలం గురించి చెప్పడానికే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మందులు మానేయడం అన్నిటికంటే ప్రమాదం. "విశ్వాసముంటే మాత్రలెందుకు" అని ఎవరన్నా, వాళ్ళు ఎంత పెద్ద సేవకులైనా వినకండి. బీపీ మాత్రలు, ఇన్సులిన్, డయాలిసిస్ ఆపితే ప్రాణం మీదకు వస్తుంది.

రెండోది, అప్పటి ఆవేశంతో ఇప్పటి విశ్వాసాన్ని కొలవడం. ముప్పై ఏళ్ళప్పుడు రాత్రంతా జాగరణ ప్రార్థన చేసిన మనిషికి ఇప్పుడు తొమ్మిదికే నిద్రొస్తుంది. ఒళ్ళు అలిసింది, అంతే.

మూడోది పిల్లలు చేసేది. "ఇన్నేళ్ళ విశ్వాసివి, భయపడతావేంటమ్మా" అని గదమాయిస్తారు. అలా అంటే ఆవిడ భయం పోదు, మీకు చెప్పడం మానేస్తుంది. "దేనికి భయమేస్తోందమ్మా?" అని అడిగి పక్కన కూర్చోండి.

పొద్దంతా ప్రసంగాల చానల్ పెట్టి కూర్చోబెట్టడం కూడా పనిచేయదు. శబ్దం ఉంటుంది, మనిషి ఉండరు.

పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది?

నెల తర్వాత నోట్‌బుక్ తెరవండి. భయం పూర్తిగా పోయిందా అని చూడకండి, చాలామందికి పోదు. భయం వచ్చినప్పుడు ఏం చేయాలో చేతికి తెలుస్తోందా? గోడ మీది వాక్యం చూడకుండా చెప్పగలుగుతున్నారా? ఈ నెలలో కనీసం ఒకరిని సాయం అడిగారా? "డాక్టరుకు" అని రాసిన లైన్లు డాక్టరు దగ్గరికి చేరాయా? అన్నం, నిద్ర, మాత్రలు వేళకు జరుగుతున్నాయా? వీటిలో మూడింటికి అవునన్నా అలాగే కొనసాగించండి. ఒక్కదానికీ కాకపోతే 4వ మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి, ఎందుకంటే ఒంటరిగా చేస్తుంటే మిగతావి నిలవవు.

మాట్లాడలేని, గుర్తుపట్టలేని స్థితిలో ఉన్నవాళ్ళకు ఈ ప్రశ్నలు కుదరవు. వాళ్ళ విషయంలో ఇంటివాళ్ళే గమనించాలి. పాట పెట్టినప్పుడు ఆందోళన తగ్గుతోందా, చెయ్యి పట్టుకుని ప్రార్థిస్తే ఊపిరి నెమ్మదిస్తోందా, ఏ వేళలో ఎక్కువ కంగారు పడుతున్నారో ఆ వేళకు మనిషి దగ్గరుంటున్నారా అని చూడండి.

రెండు వారాలకు మించి నిద్రాహారాలు లేకపోయినా, "ప్రభువు నన్ను తీసుకుపోతే బాగుణ్ణు" అని పదే పదే అంటున్నా దాన్ని భక్తి మాటగా వదిలేయకండి. ఏలీయా కూడా 1 రాజులు 19లో బదరీవృక్షం కింద పడుకుని నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు మందలించకుండా దూతను పంపి రొట్టె, నీళ్ళు పెట్టించి, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. అలాగే ముందు తినిపించండి, పడుకోనివ్వండి, ఒంటరిగా వదలకండి, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. మానసిక సమస్యలకు ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. పాస్టరు గారికి కూడా అదే రోజు చెప్పండి, రెండూ కలిసి నడవనివ్వండి.